రబ్బింగ్‌తో మెరుపు సరే.. పొర మిగులుతుందా?

మాదాపూర్‌: మాదాపూర్‌, గచ్చిబౌలి, కొండాపూర్‌ ప్రాంతాల్లో కారు కొన్నవారికి ఏడాది తిరిగేసరికి ఒక అనుభవం తప్పడం లేదు. పగలు నిగనిగలాడే బానెట్‌ రాత్రివేళ సెల్లారులో ట్యూబ్‌లైటు కింద సాలెగూడు అల్లినట్టు సన్నని గీతలతో కనిపిస్తుంది. నలుపు, ముదురు నీలం కార్లకైతే ఈ బెడద మరీ ఎక్కువ. సర్వీసింగుకు ఇచ్చినప్పుడు ‘మెషిన్‌ రబ్బింగ్‌ చేయిస్తే కొత్తదానిలా వస్తుంది సార్‌’ అనే మాట వినిపిస్తుంది. వస్తుంది కూడా. అయితే ఆ మెరుపు ఎక్కడి నుంచి వచ్చిందో యజమాని తెలుసుకోవాలి. రబ్బింగ్‌ కాంపౌండు గీతను పూడ్చదు. గీత ఎంత లోతుందో అంత మేరకు చుట్టూ ఉన్న పొరను అరగదీసి సమం చేస్తుంది. అరిగిన పొర తిరిగి రాదు.

నేటి కార్లలో ఇనుప రేకుపై తుప్పు నిరోధక పూత, ప్రైమరు, రంగు, అన్నిటికంటే పైన పారదర్శకమైన క్లియర్‌ కోట్‌ ఉంటాయి. అన్నీ కలిపితే సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్లు. అందులో క్లియర్‌ కోట్‌ వాటా సుమారు 35 నుంచి 50 మైక్రాన్లు. అంటే దాదాపు పాల ప్యాకెట్‌ కవరు మందం. మెరుపునిచ్చేదీ, ఎండలోని అతినీలలోహిత కిరణాల నుంచి రంగును కాచేదీ ఈ పొరే. ముతక కాంపౌండుతో ఒకసారి గట్టిగా రుద్దితే ఇందులో కొన్ని మైక్రాన్లు హరించుకుపోతాయి. ఏటా ఇదే పని చేయిస్తే కొన్నేళ్లకు బానెట్‌, పైకప్పు పాలిపోయి పొర పెచ్చులుగా లేస్తుంది. ఆ దశలో మళ్లీ పెయింటు వేయించడం తప్ప గత్యంతరం లేదు.

ఏడాదికోసారి రబ్బింగ్‌ చేయించే అలవాటు అంబాసిడర్‌, ప్రీమియర్‌ పద్మిని కార్ల కాలం నాటిది. ఆ కార్లకు రంగే పైపొర. ఎండకు సుద్దలా తెల్లబడిన భాగాన్ని రుద్ది తీసేస్తే కింద అసలు రంగు బయటపడేది. రుద్దిన గుడ్డకు రంగు అంటడం అప్పట్లో మామూలే. క్లియర్‌ కోట్‌ ఉన్న కారుకు రుద్దినప్పుడు గుడ్డకు రంగు అంటిందంటే మాత్రం పైపొర పూర్తిగా పోయినట్టే. కార్లు మారినా అలవాటు మారలేదు.

గీతలు గీసేది మన బండరాయే..

1998లో సైబర్‌ టవర్స్‌ ప్రారంభమైన నాటి నుంచి ఈ ప్రాంతంలో బండలు పగలగొట్టి పునాదులు తీస్తూనే ఉన్నారు. నానక్‌రాంగూడ, కోకాపేట, నార్సింగి వైపు ఆకాశహర్మ్యాల కోసం తవ్వకాలు సాగాయి. మన గ్రానైటులో క్వార్ట్జ్‌, ఫెల్డ్‌స్పార్‌ ఖనిజాలుంటాయి. పది అంకెల మోస్‌ కాఠిన్య కొలమానంలో క్వార్ట్జ్‌ది 7. చాకు ఉక్కుది సుమారు 5.5. చాకును సైతం గీయగల రేణువులు రాత్రికి రాత్రి బానెట్‌పై పేరుకుంటాయి. ఉదయాన్నే పొడిగుడ్డతో, లేదా పది కార్లు తుడిచిన బకెట్టు నీళ్లలో ముంచిన గుడ్డతో వాటిని తుడుస్తారు. తుడిచే మనిషిని నిందించి లాభం లేదు. నెలకు కొంత చేతిలో పెట్టి, నీళ్ల సంగతి, గుడ్డల సంగతి పట్టించుకోనిది యజమానులే. అన్నట్టు ఈ గీతలు నిజానికి గుండ్రంగా ఉండవు. అన్ని దిక్కులకూ ఉంటాయి. దీపపు కాంతికి అడ్డంగా ఉన్నవే మెరుస్తాయి కనుక గుండ్రంగా తోస్తాయి.

బోరు నీటి మరకలది మరో కథ. నీటిలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎండకు ఆరి తెల్లని వలయాలుగా మిగులుతాయి. వీటికి వెంటనే రబ్బింగ్‌ అక్కర్లేదు. వెనిగర్‌లో అంతే నీరు కలిపి మెత్తని గుడ్డతో కొద్దిసేపు అద్ది, మంచినీటితో కడిగితే చాలావరకు పోతాయి. అప్పటికీ గుంటలా మిగిలితేనే కాంపౌండు గురించి ఆలోచించాలి.

ఏ డబ్బా కొనాలి?

ముందుగా గీతపై గోరు ఆడించి చూడాలి. గోరు తట్టుకుంటే ఆ గీత లోతైనది. దాన్ని కాంపౌండుతో పూర్తిగా తీయాలని చూడటం పొరను చేజేతులా పోగొట్టుకోవడమే. గోరుకు తగలని గీతలే రబ్బింగ్‌కు లొంగుతాయి.

కాంపౌండులో గీతలను అరగదీసేది ఎక్కువగా అల్యూమినియం ఆక్సైడ్‌ పొడి. రేణువు పెద్దదైతే కోత ఎక్కువ, మెరుపు తక్కువ. డబ్బాపై ‘1500 నంబరు వాటర్‌ పేపర్‌ గీతలు తీస్తుంది’ అని ఉంటే అది ప్రధానంగా పెయింటింగ్‌ షెడ్డు కోసం చేసిన సరుకు. కొత్తగా పెయింటు వేసి వాటర్‌ పేపరుతో రుద్దిన రేకును నునుపు చేయడానికి ఉద్దేశించినది. గుడ్డ గీతలకు అంత పదును అవసరం లేదు. ‘మీడియం’, ‘ఫైన్‌’, ‘ఫినిషింగ్‌ పాలిష్‌’ రకాలు చాలు. ముందు అన్నిటికంటే మెత్తనిదాన్ని రెండడుగుల చదరంలో వాడి చూడాలి. గీతలు పోతే అదే మన కాంపౌండు. పోకుంటే కాంపౌండు మార్చేముందు ప్యాడ్‌ మార్చాలి. చాలామంది ఈ సంగతి మరచిపోతారు. ఒకే కాంపౌండు మెత్తని ఫోమ్‌ ప్యాడ్‌పై ఒకలా, ఉన్ని ప్యాడ్‌పై మరోలా కోస్తుంది.

గీతలను తీయకుండా కప్పిపుచ్చే రకాలూ ఉన్నాయి. మైనం, సిలికాన్‌ నూనెలు గీతల్లో నిండి కొత్త కారును తలపిస్తాయి. నాలుగైదుసార్లు కడిగేసరికి గీతలు మళ్లీ బయటపడతాయి. పని పూర్తయ్యాక ఐసోప్రొపైల్‌ ఆల్కహాలులో నీరు కలిపి తుడిచి, సెల్‌ఫోన్‌ టార్చి వేసి చూస్తే బండారం తెలిసిపోతుంది. సెరామిక్‌ కోటింగ్‌ చేయించేవారు కోటింగ్‌ వేసే ముందే ఈ పరీక్ష చేయించుకోవాలి. కోటింగ్‌ గీతలను తీయదు. కింద ఉన్నవాటిని అలాగే బిగించేస్తుంది.

యంత్రంతో జాగ్రత్త

ఒకే ఇరుసుపై తిరిగే రోటరీ యంత్రం వేగంగా కోస్తుంది. ఒకచోట నిలిపితే వేడెక్కి పొర కాలుతుంది. బానెట్‌ అంచుల వద్ద, తలుపు మడతల వద్ద పొర పలుచగా ఉంటుంది. అక్కడే ఎక్కువగా రంగు బయటపడుతుంది. అంచులపై ముందుగా మాస్కింగ్‌ టేపు అంటించడం మంచిది. ప్లాస్టిక్‌ బంపర్లు వేడిని త్వరగా వదలవు కనుక వాటిపై మరింత తేలికగా పోవాలి. సొంతంగా చేసుకోవాలనుకునేవారికి తిరుగుతూనే ఊగే డ్యూయల్‌ యాక్షన్‌ యంత్రం క్షేమం. కాస్త ఆలస్యమవుతుంది, అంతే.

ఎండలో నిలిపిన కారుపై ఈ పని అస్సలు చేయకూడదు. రేకు చేయి పెట్టలేనంత వేడిగా ఉంటే కాంపౌండు నిమిషంలో ఎండిపోయి కొత్త గీతలు గీస్తుంది. కారును బాగా కడిగి, అంటుకుపోయిన సిమెంటు, రాతి రేణువులను డిటెయిలింగ్‌ క్లేతో తీసేశాకే యంత్రం పట్టాలి. లేదంటే ఆ రేణువులే ప్యాడ్‌లో చిక్కుకుంటాయి.

పని దుకాణానికి అప్పగిస్తే ఏ కాంపౌండు, ఏ ప్యాడ్‌ వాడతారో అడగాలి. మందం కొలిచే పరికరంతో ప్రతి రేకునూ కొలిపించి, అంకెలు రాసి ఇవ్వమనాలి. మిగతా రేకుల కంటే ఒకటి 200 మైక్రాన్లు దాటి ఉందంటే దానికి లోగడ మళ్లీ పెయింటు పడినట్టే. సెకండ్‌ హ్యాండ్‌ కారు కొనేవారికి ఇది అదనపు ప్రయోజనం. ఆ పరికరం చూపేది అన్ని పొరల మొత్తం మందమే కానీ క్లియర్‌ కోట్‌ ఒక్కదాన్నే కాదు. అంకె పెద్దగా ఉంది కదా అని ముతక కాంపౌండుకు ఒప్పుకోరాదు.

గీతలు పోయాక మర్నాటి ఉదయం అదే బకెట్టు, అదే గుడ్డ వస్తే నెలలోపే మళ్లీ మొదటికొస్తుంది. కారు తుడిచేవారికి రెండో బకెట్టు, రెండు మైక్రోఫైబర్‌ గుడ్డలు కొనివ్వాలి. దుమ్మును ముందు నీళ్లు పోసి జార్చాలని, ఆ తరువాతే తుడవాలని, నేలపై పడిన గుడ్డను ఉతక్కుండా మళ్లీ వాడొద్దని చెప్పాలి. నీళ్లకు కటకటగా ఉన్న రోజుల్లో దుమ్ముపట్టిన కారును తుడవకుండా అలాగే వదిలేయమనడమే మేలు.