మోకాలి సంధి, బల్బు సంధి

సీనియర్ ఇంటరు చదివే మా మనవరాలు నిన్న సాయంత్రం వచ్చి, "తాతయ్యా, రేపు సంధి మీద పరీక్ష" అంది. నేను హుషారుగా కళ్లజోడు సర్దుకుని "రాముడు, అతడు, రాముడతడు..." అని మొదలెట్టాను. పిల్ల నెత్తి కొట్టుకుంది. "తెలుగు కాదు తాతయ్యా, ఫిజిక్సు. పి-ఎన్ సంధి!"

తెలుగు మీడియం పుస్తకాల్లో జంక్షన్‌కి సంధి అనే పెట్టారు. పెట్టిందెవరో గానీ మంచి పనే చేశారు.

సంధి అంటే కూర్పు. తెలుగు మేష్టారికి అది అచ్చుల కలయిక, డాక్టరుకి ఎముకల కలయిక. రాజులకైతే ఒప్పందం. దానికోసమే కృష్ణుడు హస్తినకు వెళ్లి వట్టి చేతుల్తో తిరిగొచ్చాడు. జ్వరం తలకెక్కి పలవరిస్తే మా అమ్మ దాన్నీ సంధి అనేది. అది వేరే గొడవ లెండి.

కలయిక అన్నచోటల్లా ఒకే తీరు ఉండదు. వ్యాకరణం రాసిన చిన్నయసూరి లెక్కలో రెండు అచ్చులు కలిస్తే రెండోదే నిలుస్తుంది. రాముడతడు అనేసరికి రాముడి చివరి ఉకారం మాయం. మోకాట్లో అలా జరిగితే మంచం దిగలేం. అక్కడ ఏ ఎముకకా ఎముక విడిగా ఉండాలి. చివర్లకు నున్నటి మృదులాస్థి తొడుగు, నడుమ గుడ్డు తెల్లసొనలాంటి జిగట ద్రవం. ఆ తొడుగుకి రక్తనాళాలు లేవు, అందుకే అరిగితే ఓ పట్టాన పూడదు. మెట్లెక్కేటప్పుడు నా కుడి మోకాలు రోజూ ఈ పాఠం అప్పజెబుతుంది.

ఇక పిల్ల అడిగిన సంధి. సిలికాన్‌లో చిటికెడులో చిటికెడు ఫాస్ఫరస్ కలిపితే కొన్ని ఎలక్ట్రాన్లు అదనంగా తిరుగుతుంటాయి, అది ఎన్. బోరాన్ కలిపితే ఎలక్ట్రాన్లకు ఖాళీలు మిగులుతాయి, అది పి. ఒకే స్ఫటికంలో ఈ రెండూ ఆనుకున్నచోట (రెండు ముక్కలు అతికిస్తే కాదు సుమా) ఎలక్ట్రాన్లు వెళ్లి ఖాళీల్లో పడతాయి. ఉకారం పోయినట్టే రెండూ లెక్కలోంచి పోతాయి! అవి పోగా అక్కడ మిగిలిన సన్నటి పట్టీయే కరెంటుకి కాపలాదారు. సుమారు 0.7 వోల్టుల తోపు ఇస్తే పి నుంచి ఎన్ వైపుకి దారి వదులుతుంది. ఎదురు దిక్కున వస్తే మాత్రం అడ్డం నిలబడుతుంది.

సిలికాన్ బదులు గాలియం నైట్రైడ్‌తో సంధి కడితే, ఖాళీలో పడ్డ ఎలక్ట్రాన్ వదిలే శక్తి నీలి వెలుగవుతుంది. ఆ వెలుగు సాధించినందుకే అకసాకి, అమానో, నకమురాలకు 2014లో నోబెల్ వచ్చింది. దానిమీద పసుపు వెలుగునిచ్చే పూత పూస్తే మన వరండాలో వెలిగే తెల్ల ఎల్ఈడీ బల్బు.

మా కాలపు టార్చిలోని ఫిలమెంటు బల్బుకి కరెంటు ఎటునుంచి వచ్చినా ఒకటే. ఎల్ఈడీకి సెల్లు తిరగేసి కలిపితే వెలగదు.