ఇద్దరూ నవ్వుకునే ఆఫీసు కథ

రాత్రి తొమ్మిది దాటింది. మక్తల్‌లో ఏదో ఒక ఇల్లు అనుకోండి. పిల్లలు నిద్రపోయారు. అంట్లు తోమడం అయిపోయింది. నెలల తరబడి పుణెలో పనిచేసి మొన్ననే ఇంటికొచ్చిన ఆయన ‘ఏం సిన్మా పెడ్దాం?’ అని అడిగాడు. ‘ఏదన్నా పెట్టు. ఏడిపిచ్చేది మాత్రం వద్దు’ అందామె.

పాలమూరుకు వలస కొత్త కాదు. ఆనకట్టలు కట్టడానికి, భవనాలు లేపడానికి ఊళ్లు దాటి వెళ్లిన చేతులవి. మక్తల్ 2019లో కొత్తగా ఏర్పడిన నారాయణపేట జిల్లాలోకి వెళ్లింది కానీ, బతుకుదెరువు కోసం బస్సెక్కే అలవాటు పోలేదు. అలాంటిచోట ఆలుమగలు పక్కపక్కన కూర్చుని రెండున్నర గంటలు గడపడమే ఓ పండగ. ఆ పూట పనిచోటి కష్టాలే నవ్వులు పూయిస్తే ఇంకేం కావాలి!

ఉద్యోగం కోసం కాపురం

తెలుగులో అలాంటి సినిమా అంటే ముందు గుర్తొచ్చేది 1955 జనవరిలో వచ్చిన ‘మిస్సమ్మ’. అప్పాపురం జమీందారు బడికి డిగ్రీ చదివిన భార్యాభర్తలే పంతుళ్లుగా కావాలి. రావుకు ఉద్యోగం లేదు, మేరీకి అప్పుంది. ఇద్దరికీ పెళ్లి కాలేదు. మతాలూ వేరు. అయినా మొగుడూపెళ్లాలమని చెప్పి కొలువులో చేరిపోతారు. ఇవాళ చూస్తే ఇంటిల్లిపాదీ నవ్వుకునే సరదా కథే. ఆ రోజుల్లో మాత్రం అది ఎంత సాహసమో ఆలోచించండి! మేరీ పాత్ర మొదట భానుమతిది. కొంత చిత్రీకరణ అయ్యాక అది సావిత్రి చేతికొచ్చింది. సావిత్రి చేయాల్సిన పాత్ర జమునకు దక్కింది.

అన్ని నవ్వుల అడుగునా ఉన్నది నిరుద్యోగమే. అప్పిచ్చిన డేవిడ్ పెళ్లాడమని వెంటపడకపోతే మేరీ ఆ అబద్ధం ఆడేదే కాదు.

మొగుడు గరిటె పట్టాడు

1993లో బాపు తీసిన ‘మిస్టర్ పెళ్ళాం’ది మరో దారి. బ్యాంకు డబ్బు పోయిన నింద పడి బాలాజీ ఉద్యోగం పోతుంది. భార్య ఝాన్సీ కొలువుకు బయల్దేరుతుంది. ఇంటిపని ఆయన నెత్తిన పడుతుంది. రాజేంద్రప్రసాద్ తిప్పలు చూసి ఆడవాళ్లు పగలబడి నవ్వారు. మగవాళ్లూ నవ్వారు, కాస్త ఇబ్బందిగా! ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ అవార్డూ వచ్చింది.

బాసును కట్టేస్తే...

ఇంగ్లిష్‌లో ఇంకా చిత్రమైన సినిమా 1980 నాటి ‘నైన్ టు ఫైవ్’. ముగ్గురు మహిళా ఉద్యోగులు వేధించే బాసును అతని ఇంట్లోనే బంధిస్తారు. ఈలోగా ఆఫీసును వాళ్లే నడుపుతారు. వీలైన వేళల్లో పని, పిల్లలకు సంరక్షణ కేంద్రం... పని జోరందుకుంటుంది. పైనున్న పెద్దాయన వచ్చి మెచ్చుకుంటాడు. ఒక్కటి మాత్రం కుదరదంటాడు. అదే ఆడా మగా అందరికీ సమాన జీతం!

ఇదంతా గాల్లోంచి పుట్టిన కథ కాదు. 1973లో బోస్టన్‌లో ఆఫీసు ఉద్యోగినులు అదే పేరుతో సంఘం పెట్టుకున్నారు. వాళ్ల గోడు వినే నటి జేన్ ఫోండా ఆ సినిమాకు పూనుకుంది. ఏడుపు కథగా తీసి ఉంటే ఎందరు చూసేవారో!

నవ్వు తర్వాత మాట

పనిచోట పడ్డ మాటలు చాలామంది ఇంట్లో చెప్పరు. మగవాళ్లకు నామోషీ, ఆడవాళ్లకు భయం. తెరమీద ఇంకొకరి బాసును చూసి నవ్వాక ఆ మాటలు వాటంతటవే బయటికొస్తాయి.

మక్తల్‌లో ఆ ఇంటికే మళ్లీ వెళ్దాం. సినిమా అయిపోయింది. ‘మా మేస్త్రి గూడ గిట్లనే ఉంటడు’ అన్నాడాయన. పుణె పని గురించి ఆయన నోరు విప్పడం అదే మొదటిసారి. ఆమె అంతా విని, ‘పత్తి ఏరేకాడ మాకూ ఉన్నడు ఒకడు. మగోళ్లకో కూలి, మాకో కూలి’ అంది.

ఇద్దరూ కాసేపు నవ్వలేదు. లైటు మాత్రం చాలాసేపు వెలుగుతూనే ఉంది.