మురుకుల గొట్టమున మల్లెమొగ్గలు

పండుగ దగ్గరపడినపుడు అటకమీదినుండి దిగి, పండుగ గడచిన పిమ్మట కడిగి తుడిచి మరల అటక చేరు ఇత్తడి మురుకుల గొట్టము, దానితోపాటు గుడ్డసంచిలో మూటకట్టి దాచిన అచ్చుబిళ్లలు, సారెతో పుట్టింటినుండి వచ్చిన కజ్జికాయల చెక్క, నడుము అరిగిన అప్పడాల కర్ర — ముద్దనూరులోగాని జమ్మలమడుగులోగాని పులివెందులలోగాని ఏ గడపనైనను కనబడు ఈ సామగ్రిని వంటకు మాత్రమే ఎరిగినవారమగుటచేత, ఇవియే ఒక నవీన హస్తకళకు పరికరములు కాగలవను సంగతి మనలో పెక్కుమందికి తోచకున్నది. పాలిమర్ క్లే అను ముద్దతో చెవిపోగులు, పూసలు, లాకెట్లు, బొమ్మలు చేయ నభిలషించు యువతులు మొట్టమొదట విదేశీ పనిముట్ల పెట్టెల వెల విచారించి, నిరుత్సాహపడి విరమించుకొనుట నేనెరుగుదును. వారికి నేను చెప్పదలచినది ఒక్కటే: పనిముట్లు ఇంటనే ఉన్నవి, వానిని నడుపు నేర్పు మీ తల్లుల చేతులయం దున్నది.

క్లే అని పిలువబడుచున్నను ఇది నేల త్రవ్వి తీసిన మన్ను కాదు. పాలివినైల్ క్లోరైడ్ అను ప్లాస్టిక్ చూర్ణమునకు, దానిని మెత్తగా నుంచు ద్రవమును, రంగులను చేర్చి కలిపిన ముద్ద. కుమ్మరి మన్నువలె గాలికి ఆరదు. తగిన వేడి తగిలి ఆ చూర్ణకణములు ఒండొంటితో కలిసిపోయినప్పుడే గట్టిపడును. దీని పుట్టుపూర్వోత్తరములు విన్నచో నామాట మీకు మరింత నమ్మదగినదిగా తోచును. జర్మనీ దేశమున గుడ్డబొమ్మలకు పేరెన్నికగన్న కేథె క్రూజె అను నామెకు, 1930ల చివర, బొమ్మల తలలు చేయుటకై ఒక ప్లాస్టిక్ పదార్థము చేరగా, తన కర్మాగారమునకు అది పనికిరాదని ఆమె ప్రక్కన పెట్టినది. ఇంటివారు ఫీఫీ అని ముద్దుగా పిలుచు ఆమె కుమార్తె సోఫీ దానిని చేతికి తీసికొని, పిసికి, ప్రయోగములు చేసి, బొమ్మలు మలచుకొనదగిన ముద్దగా తీర్చినది. 1964లో అది ఎబర్‌హార్డ్ ఫాబర్ సంస్థకు చేరి, ఫీమో అను పేర లోకమంతట వ్యాపించినది. కర్మాగారము వలదన్న వస్తువునకు ఒక ఆడపడుచు చేతిలో ప్రాణము వచ్చినదన్నమాట.

మురుకుల గొట్టపు మహిమను నేను ముద్దనూరులో నాకు బంధువైన ఒక గృహిణి యింట కన్నులార చూచితిని. ఆమె ఆ ముద్దను ‘పిండి’ అనియే వ్యవహరించును. తెల్లని ముద్దలో చిటికెడు పసుపురంగు ముద్ద కలిపి, అరచేతి మడమతో అదుముచు, మడచుచు, మరల అదుముచు చాలసేపు పిసికినది. “చిన్నాయనా, పిండి గట్టిగుంటే గొట్టం తిరగదు, ముందు బాగా పిసకల్ల” అని నాతో అనుచు, ముద్దను వంచి చూచి, అంచు పగులకుండ వంగినపుడు గాని గొట్టములో పెట్టలేదు. సన్నకారప్పూస బిళ్ల అమర్చి మరపిడి త్రిప్పగా, దారములవంటి తీగెలు వరుసగా దిగినవి. వానిని బ్లేడుతో గోరంత ముక్కలుగా కోసి, ఒక్కొక్కదాని కొనను బొటనవ్రేలికిని చూపుడువ్రేలికిని నడుమ ఒకసారి దొర్లించి సన్నము చేసి, రెండవ కొనను ఏమాత్రము ముట్టక వదలిన, అది మల్లెమొగ్గ! నక్షత్రపు బిళ్లనుండి దిగిన తీగెను రెండుగా మెలిత్రిప్పి ఉంగరముగా చుట్టిన, అది చెవిపోగునకు అంచు. ఆ పిమ్మట నాణెమంత బిళ్ల నొకదానిని అరచేత నుంచుకొని, కజ్జికాయ అంచును మడచు పద్ధతిని చుట్టును చిన్నచిన్న మడతలు వేయుచు వచ్చినది. వ్రేలు ఒక్కచోటనైనను తడబడలేదు. ఒక్కొక్క మడత ముందటి మడతను సగము కప్పుచు, త్రాడు పేనినట్లు ఆ అంచు పూర్తియైనపుడు, ఏ పాఠశాలలోను నేర్పని ఈ విద్యను మనము ఇన్నాళ్లు వంట అనియే పిలిచితిమి గదా యని నాకు తోచినది. ఒక్క జాగ్రత్త: ఈ ముద్ద మురుకుల పిండికంటె బిరుసైనది గావున, చేతితో నొక్కు ప్లాస్టిక్ గొట్టములు విరుగును, మర గల పాత ఇత్తడి గొట్టమే శ్రేయస్కరము.

పని చేయుటకు పీట యేది యందురా, మన జిల్లా పేరుతోనే దేశమంతట వంటిండ్లలో పరచుకొన్న కడప బండ ఉన్నది! జమ్మలమడుగు, ఎర్రగుంట్ల పరిసరములందు పొరలుపొరలుగా లభించు ఆ నల్లని సున్నపురాయి నునుపును చల్లదనమును ఈ పనికి తగినవి. ఆ చల్లదనమే మనకు ముఖ్యము. ఏలన ముద్దనూరు వేసవి 40 డిగ్రీలు దాటినపుడు ఈ ముద్ద చేతికి అంటుకొని, జిగురై, ఏ రూపమును నిలుపుకొనదు. ఎండలో నిలిపిన కారులో ఒక మధ్యాహ్నము మరచిపోయినచో అచ్చటనే గట్టిపడ నారంభించును. దీనికి విరుగుడు సులభము: నునుపైన గాజుసీసాలో కుండనీరు నింపి మూతబిగించి, అప్పడాల కర్రకు మారుగా దానితో వత్తవలెను; ముద్ద చల్లబడును, కర్ర యొక్క గీతలును పడవు. మరీ మెత్తబడినచో తెల్లకాగితముల నడుమ కొన్ని గంటలు అదిమి ఉంచిన, అధికమైన ద్రవమును కాగితము పీల్చుకొనును. రేకు అంతటను ఒకే మందమున రావలెనన్న ఇరువైపుల రెండు పాత స్కేళ్లను పరచి, వానిమీదుగా సీసాను దొర్లించిన చాలును.

మిగిలినవానిని గూర్చి విస్తరింప నక్కరలేదు. టీ వడకట్టు జల్లెడలోనుండి వ్రేలితో త్రోసిన ముద్ద పచ్చికవలె మొలచును. అరిగిన పండ్లబ్రష్షుతో మెల్లగా పొడిచిన రాతి గరుకుదనము వచ్చును. బాల్‌పెన్ను రీఫిల్ కొనతో వరుసగా అద్దిన చేపపొలుసులు ఏర్పడును. పూసలకు బెజ్జము చేయుటకు చీపురుపుల్ల, ఆకు ఈనెల ముద్రకు పెరటి రావియాకు ఉండనే ఉన్నవి. కజ్జికాయల చెక్కకు అంటుకొనకుండ మొక్కజొన్నపిండి చల్లిన చాలును.

కాల్చుటయందు మాత్రము తొందరపాటు పనికిరాదు. ఫీమోకు 110 డిగ్రీల సెంటీగ్రేడు, 30 నిమిషములు. మరికొన్ని రకములకు 130 వరకు. పొట్లముపై వ్రాసినదే ప్రమాణము. చిన్న ఓవెన్లు తిప్పుడుబిళ్లపై చూపు అంకె యొకటి, లోపలి వేడి యొకటి యగుచుండును గావున, వేరుగా ఒక ఉష్ణమాపకమును లోపల నుంచుట మేలు. 175 డిగ్రీలు దాటనిచ్చినచో ముద్ద మాడి, హైడ్రోజన్ క్లోరైడ్ అను ఘాటైన హానికర వాయువు వెడలును. అట్టి వేళ కిటికీలు తెరచి ఇంటివారిని బయటికి పంపవలెను. మైక్రోవేవు దీనికి పనికిరాదు. గుండ్రని పూసలు చదునుపడకుండ పళ్లెములో వంటసోడా పరచి అందు కూర్చుండబెట్టవచ్చును.

ఇంకొక మాట, దీనిని నేను ఎంత గట్టిగా చెప్పినను చాలదు: ఒకసారి ఈ పనికి దిగిన మురుకుల గొట్టము మరల వంటింటికి పోరాదు. ముద్దలోని ద్రవము సందులలో నిలిచిపోవును. ఎంత తోమినను పిల్లలు తిను మురుకులకు ఆ గొట్టము తగదు. అందుచేత అమ్మమ్మ గొట్టము నడుగక, పాతసామానుల అంగడిలో వేరొకటి కొనుడు. పచ్చి ముద్దను గట్టి పారదర్శక ప్లాస్టిక్ డబ్బాలలో నుంచిన, ఆ ద్రవము డబ్బానే కరగించి పాడుచేయును, గాజుసీసా ఉత్తమము. చేతికంటినదానిని ముందు కొబ్బరినూనెతో తుడిచి పిమ్మట సబ్బుతో కడుగవలెను.

వినాయక చవితికి దీనితో విగ్రహము చేయవచ్చునా యని కొందరడుగుదురు. వలదనియే నా దృఢాభిప్రాయము. ఇది ప్లాస్టిక్, నీట కరగదు. నిమజ్జనము చేయు దేవరకు చెరువు మన్నే తగినది. చింతగింజల పొడియు రంపపు పొట్టును కలిపిన మక్కుతో కొండపల్లివారు తెల్లపొణికి బొమ్మల అవయవములను అతికి తీర్చుదురు. నేలలో కలిసిపోవు ముద్ద కావలసినవారు ఆ త్రోవ త్రొక్కుట మంచిది. పాలిమర్ క్లే నిలిచియుండవలసిన వస్తువులకు, నగలకు తగినది.

నగలన్నచో ప్రొద్దుటూరు బంగారపు అంగళ్ల వారికి ముడివస్తువుతో పాటు మెరుగు విలువయు తెలియును. ఈ పనికిని అంతే. కాలి చల్లారిన పూసను నీటి కాగితముతో, 400 అంకెనుండి మొదలిడి 1000 వరకు, నీటిలో ముంచుచు రుద్దవలెను. పొడి గాలిలో లేవకుండుటకు నీరు అవసరము. పిమ్మట పాత జీన్సు గుడ్డతో రాచిన చక్కని నిగారింపు వచ్చును. త్వరగా మెరయవలెనని గోళ్లరంగు పూయుట పలువురు చేయుచున్నారు. ఆ రంగులోని ద్రావకము ఉపరితలమును మెత్తబరచి, నెలలు గడచినను జిగట వదలనీయదు. మెరుపు తప్పనిసరియైనచో నీటితో పలుచన చేయదగిన వార్నిష్షును పలుచగా రెండు పూతలు పూసి, ఒక పూత ఆరిన పిదపనే రెండవది వేసి, ఆ పిమ్మట కొక్కెములు బిగింపుడు.