బిడియం పుట్టుకతోనే, భయం మాత్రం అనివార్యం కాదు

ఇంటికి చుట్టాలు రాగానే తల్లి కొంగు చాటుకు చేరే పిల్లవాడిని పెద్దలు 'పిరికివాడు' అని ఎగతాళి చేయడం పరిపాటి. అయితే బిడియానికి పెంపకం ఒక్కటే కారణం కాదని, పుట్టుకతో వచ్చిన స్వభావానికీ అందులో ముఖ్యపాత్ర ఉందని శాస్త్రజ్ఞులు గుర్తించారు.

అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు, 2021లో మరణించిన జెరోమ్ కేగన్ నాలుగు నెలల పసికందులకు కదిలే రంగుల బొమ్మలు చూపి, అపరిచిత కంఠస్వరాలు వినిపించి వారి స్పందనను పరిశీలించారు. సుమారు 20 శాతం మంది కాళ్లూ చేతులూ విసురుతూ ఏడ్చారు. దాదాపు 40 శాతం మంది నిబ్బరంగా ఉన్నారు. ఏడ్చిన శిశువుల్లో పలువురు రెండో ఏట కొత్తవారిని చూసి వెనుకంజ వేశారు.

రెండో ఏట బిడియస్థులుగా గుర్తించిన వారిని యుక్తవయసులో పరీక్షించగా, కొత్త ముఖాల చిత్రాలు చూసినప్పుడు వారి మెదడులో భయాన్ని పసిగట్టే 'అమిగ్డలా' భాగం ఇతరుల్లో కంటే చురుకుగా స్పందించినట్లు 2003లో వెల్లడైంది. ఇటువంటి పిల్లలకు కౌమారంలో నలుగురిలో మసలడానికి జంకే 'సామాజిక ఆందోళన' ఏర్పడే అవకాశం ఎక్కువని 1999 నాటి అధ్యయనం తేల్చింది. అయితే అందరికీ ఈ స్థితి రాదు.

దీనిని నివారించే ప్రయత్నం ఆస్ట్రేలియాలో జరిగింది. సిడ్నీలోని మాక్వారీ విశ్వవిద్యాలయానికి చెందిన రొనాల్డ్ రేపీ బృందం బడి ఈడు రాని 146 మంది బిడియస్థులైన పిల్లలను ఎంపిక చేసి, కొందరి తల్లిదండ్రులకు ఆరు తరగతుల్లో శిక్షణ ఇచ్చింది. 2005లో ప్రకటించిన ఫలితాల ప్రకారం, ఏడాది తర్వాత ఆ పిల్లల్లో ఆందోళన రుగ్మతలు మిగిలినవారిలో కంటే ఎక్కువగా తగ్గాయి. వారి బిడియంలో మాత్రం చెప్పుకోదగిన తేడా లేదు. స్వభావం మారకున్నా రుగ్మతను తగ్గించవచ్చునని దీనివల్ల స్పష్టమవుతోంది.

బిడ్డ జంకిన ప్రతిసారీ తల్లిదండ్రులే బదులు చెప్పడం, వేడుకలకు తీసుకువెళ్లడం మానుకోవడం భయాన్ని పెంచుతాయి. బలవంతంగా నలుగురి మధ్యకు నెట్టడమూ తగదు. మొదట ఒక్క స్నేహితుడితో, పిదప ఇద్దరు ముగ్గురితో ఆడనిస్తూ క్రమంగా అలవాటు చేయాలి.

సమాజం దృష్టి కూడా కీలకమే. చైనాలోని షాంఘైలో 1990లో బిడియస్థులైన బడిపిల్లలను తోటివారు ఆదరించారు. మార్కెట్ సంస్కరణలు చొరవకు విలువ పెంచాక, 2002 నాటికి అటువంటి పిల్లలే తిరస్కారానికి, దిగులుకు గురైనట్లు అక్కడి అధ్యయనాలు చూపాయి.

బిడియం జబ్బు కాదు. కానీ ఇంట్లో గలగలా మాట్లాడే బిడ్డ బడిలో నెలకు మించి నోరు విప్పకపోతే నిపుణులకు చూపించడం అవసరం.