వాగ్గేయకారుడు - ధ్వనిముద్రణశాల

సాహిత్యమునకు మాతువనియు, సంగీతమునకు ధాతువనియు పూర్వులు పేరు పెట్టిరి. ఈ రెంటిని తానే కూర్పగలవాడు వాగ్గేయకారుడు. 13వ శతాబ్దమున శార్ఙ్గదేవుడు తన ‘సంగీతరత్నాకరము’లో ఉభయమందును సమర్థుడైనవానినే ఉత్తమునిగా నెన్నెను. ఆ కాలమున పాట పాడువానికిని వినువానికిని నడుమ వేరొకటి లేదు. 20వ శతాబ్దమున మైక్రోఫోను, యంత్రము, వాద్యబృందము, గడియారముతో కూడిన ధ్వనిముద్రణశాల వారిరువురి మధ్య వచ్చి నిలిచినది. ఇది పాటను ఉన్నదున్నట్లు మోసికొనిపోవు వాహనము మాత్రమేనా, లేక రచనలో తానును పాలుపంచుకొనుచున్నదా? ఏలూరు, తాడేపల్లిగూడెము ప్రాంతములకు చెందిన ఇరువురు కవుల పాటలు ఈ విచారణకు మంచి ఆధారములు.

ముందుగా యంత్రమెరుగని పాటను తలచుకొందము. కృష్ణా గోదావరీ డెల్టాల నడుమ పల్లములోనున్న కొల్లేటి సీమలో పడవ పాటకు, ఊడ్పు పాటకు పనియే కొలత. మడి ముగియువరకు పాట సాగును. పని పెరిగినచో చరణము పెరుగును. ఒకరు ఎత్తుకొనగా తక్కినవారు అందుకొందురు. ఇట్టి పాటకు నిశ్చితమైన ఆద్యంతములు లేవు. పాడిన ప్రతిసారియు అది క్రొత్త పాఠమే.

గ్రామఫోను ఈ స్వేచ్ఛకు మొదటి హద్దు గీచినది. నిమిషమునకు 78 చుట్లు తిరుగు పదియంగుళముల రికార్డుపై ఒక ప్రక్కకు ఇంచుమించు మూడు నిమిషముల పాట మాత్రమే పట్టును. ఆలాపన కుదించుకొనక తప్పదు. పల్లవిని ఎన్నిమారులు తిరిగి పాడవలెనో, ఏ చరణమును వదలవలెనో ముందే తేల్చుకొనవలెను. టేపు రాకపూర్వము నడుమ తప్పు దొరలినచో దిద్దుటకు వీలులేదు, మొదటినుండి పాడవలసినదే. 1925లో విద్యుత్ పద్ధతి వచ్చువరకు గాయకుడు కొమ్ముబూర వంటి గొట్టములోనికి బిగ్గరగా పాడవలసివచ్చెడిది. మైక్రోఫోను వచ్చిన పిమ్మట మెల్లని స్వరము, ఊపిరి, మాటలోని యాస సహితము వినవచ్చినవి. యంత్రము ఒక చేత నిడివిని తీసికొని, రెండవ చేత సామీప్యము నిచ్చినదన్నమాట.

ఈ లాభనష్టములు రెండును ‘ఎంకి పాటల’ చరిత్రలో గోచరించును. నండూరి వేంకట సుబ్బారావుగారు 1895లో ఏలూరు చేరువనున్న వసంతవాడలో జన్మించి, ఏలూరిలో న్యాయవాదిగా నుండి, 1957లో కీర్తిశేషులైరి. మదరాసున చదువుచున్న దినములలోనే వారు ఈ పాటలకు శ్రీకారము చుట్టిరి. తామే పాడి వినిపించిరి. 1925లో అవి గ్రంథరూపము దాల్చినవి. అచ్చుపుటలో మాతువు నిలిచినది. కవి కంఠమందలి ధాతువు నిలువలేదు. తరువాత పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారు వానిని సభలలో పాడి ప్రచారము చేసిరి. ఆపై ఆకాశవాణి యుగమున మంచాల జగన్నాథరావుగారి స్వరరచనతో, శ్రీరంగం గోపాలరత్నంగారి కంఠముతో అవి ఇంటింట వినిపించినవి.

ఎంకి, నాయుడుబావల సల్లాపము సభలో ఎలుగెత్తి చెప్పదగినది కాదు. చెవి చెంత పలుకదగినది. కావున మైక్రోఫోను ఈ పాటలకు సహజమిత్రమైనది. కాని సభాగానమున గాయకుని భావనకు వదలబడిన చరణముల నడిమి విరామము, స్టూడియోలో స్వరకర్త నిర్ణయించిన వాద్యఖండముతో నిండును. ఆ ఖండము రాబోవు చరణమున కొక వ్యాఖ్య వంటిది: అది వీణయో వేణువో అగుటనుబట్టి విరహము గాఢమగును, లేదా తేలికపడును. ఈ వ్యాఖ్య కవిది కాదు. అయినను విన్నవాడు దానిని పాటలో భాగముగనే జ్ఞాపకముంచుకొనును.

రెండవవారు బాలాంత్రపు రజనీకాంతరావుగారు. తాడేపల్లిగూడెమునకు ఈశాన్యమున రైలుమార్గముపైనున్న నిడదవోలు వారి జన్మస్థలము (1920). 1941లో మదరాసు రేడియో కేంద్రమున చేరిరి. నండూరివారి పాట స్టూడియోకు నడచివచ్చినది. రజనిగారి పాట స్టూడియోలోనే పుట్టినది. 1947 ఆగస్టు 14-15 నడిరేయి మదరాసు కేంద్రమునుండి టంగుటూరి సూర్యకుమారిగారు పాడిన స్వాతంత్ర్యగీతమునకు మాతువు, ధాతువు రెండును వారివే. కంఠము మాత్రము వేరు. ఎవరి గొంతు, ఏ వాద్యములు, ఎంత సమయము అనునవి రేడియో రచయితకు రచనానంతర విషయములు కావు. రచనకు ముందే తెలిసియుండు ఛందోనియమముల వంటివి. ఛందస్సు కవిని బంధించుచునే నడిపించునట్లు, ఈ నియమములును రచయితను నడిపించును. ‘ఆంధ్రవాగ్గేయకార చరిత్రము’ వ్రాసి 1961లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కార మందుకొన్నవారు ఇట్టి క్రొత్త వాగ్గేయకారులలో నొకరగుట గమనింపదగిన విశేషము.

దీర్ఘకాలపు రికార్డు 1948లో అమెరికాలో వెలువడినది. ఒక ప్రక్కకు ఇరువది నిమిషములకు పైగా పట్టుటచే విడిపాటకు మారుగా పాటల సంపుటి ఏర్పడినది. క్రమము, ఎంపిక అను క్రొత్త బాధ్యతలు తలయెత్తినవి. 1974లో దివంగతులైన ఘంటసాల వేంకటేశ్వరరావుగారి ‘భగవద్గీత’ దీనికి నిదర్శనము. 700 శ్లోకములలో నూరింటికి కొంచెము మించి ఏరి, తెలుగు తాత్పర్యముతో జోడించిన కూర్పది. వినువారిలో పలువురికి గీత యనగా ఆ శ్లోకములే, ఆ వరుసయే. ఎంపికయే గ్రంథమైపోయినది.

ఇచ్చటనే పరిశోధకుని కర్తవ్యము స్పష్టమగుచున్నది. తాళపత్రప్రతులలో లేఖకుని చేయి పాఠమును మార్చునని మనమెరుగుదుము; అందుచే ప్రత్యంతరములు పోల్చిచూచుచున్నాము. ధ్వనిముద్రణమును గూడ ఒక ప్రతిగా, స్వరకర్తను, వాద్యబృందమును, యంత్రజ్ఞుని దాని లేఖకులుగా భావింపవలెను. తరగతిలో రికార్డు వినిపించు అధ్యాపకుడు అచ్చుప్రతిని చెంతనుంచుకొని, విడిచిన చరణమేది, మారిన వరుసయేది, కూర్చినవారెవరు, ముద్రించిన సంవత్సరమేది అని విద్యార్థులచే గుర్తింపజేయవలెను. కొల్లేటి సీమలో ఒక పడవ పాటను యంత్రముపై పట్టువాడు, తాను పట్టినది ఒకనాటి పాఠమే గాని పాట యంతయు కాదని వ్రాసియుంచవలెను. లేనిచో మిగిలిన ఆ కొద్ది నిమిషములే ముందు తరములకు సమగ్రమైన పాటగా తోచును. విడిచిన చరణములను వెదకవలెనన్న తలంపు సైతము వారికి కలుగదు.