కుక్క మెడకు పట్టీ కడితే సరిపోతుందా?

మిరపకోతలకని నెల రోజులు వలసపోయి, తిరిగొచ్చి ఇంటి తాళం తీస్తారు. గడప లోపల అడుగు పెట్టగానే నువ్వుగింజ కన్నా చిన్న పురుగులు కాళ్ల మీదికి ఎగిరి కుడతాయి. నెల రోజులుగా ఇంట్లో కుక్క లేదాయె, ఇవెక్కడివి? కుక్క వదిలిపోయినవే. గుడ్లు నేల మీద రాలి, పిల్ల పురుగులై, గూడు కట్టుకుని నెలల తరబడి అట్లాగే పడి ఉంటాయి. మనిషి అడుగుల అదురుకు, ఒంటి వేడికి ఒక్కసారిగా బయటికొస్తాయి.

ముందు పురుగును గుర్తుపట్టండి. కరుచుకుని కదలకుండా ఉండేది పిడుదు. వెంట్రుకల్లో పరుగెత్తి, చేయి పెడితే చటుక్కున గెంతేది ఫ్లీ. మన పల్లెల్లో దీన్నీ గోమారి అనే అంటారు. అనుమానముంటే కుక్క తోక మొదట్లో దువ్వి, రాలిన నల్లటి పొడిని తడి తెల్లగుడ్డ మీద వేయండి. ఎర్రగా మారిందా, అది ఫ్లీ తాగి విసర్జించిన రక్తమే.

వీటికి మెడపట్టీలు వస్తున్నాయి. పట్టీలోని మందు కొద్దికొద్దిగా వెంట్రుకల్లోకి, చర్మం మీదికి పాకుతుంది. ఇమిడాక్లోప్రిడ్, ఫ్లుమెత్రిన్ కలిసిన పట్టీ 8 నెలల దాకా పనిచేస్తుంది. ఏ మందు ఉందో రాయని పట్టీని, ఎంత చవకైనా, కొనకండి. పట్టీకి, మెడకు మధ్య రెండు వేళ్లు పట్టాలి. మిగిలిన కొసను కత్తిరించాలి, లేకుంటే కుక్క నమిలేస్తుంది. మాటిమాటికీ చెరువులో దిగే కుక్కకు మందు త్వరగా తగ్గుతుంది. కుక్క పట్టీ పిల్లికి కట్టొద్దు. కుక్కల మందుల్లో ఉండే పెర్మెత్రిన్ పిల్లి ప్రాణం తీస్తుంది. కుక్కను వాటేసుకుని పడుకునే చిన్న పిల్లలుంటే, పట్టీ కట్టే ముందు పశువైద్యుణ్ణి అడగండి. ప్రొపాక్సర్ మందున్న పట్టీలు పిల్లలకు మంచివి కావని 2014లో అమెరికాలో వాటిని ఆపేయడానికి కంపెనీలు ఒప్పుకున్నాయి.

ఇమిడాక్లోప్రిడ్ అంటే పత్తిలో పచ్చదోమకు కొట్టేదే కదా, డబ్బాలో మిగిలింది పూస్తే పోలా? ఈ మాట నన్ను చాలామంది అడిగారు. వద్దు. పొలం మందు మోతాదు వేరు, అందులో కలిపే ద్రావకాలు వేరు. మా పక్క ఊళ్లో ఓ రైతు పత్తికి కొట్టగా మిగిలిన మందును నీళ్లలో కలిపి, మేకల కాపలా కుక్క ఒంటికి రుద్దాడు. గంటలోపే నోట చొంగ, వణుకు. ఆటో మాట్లాడుకుని ఆసుపత్రికి చేరేసరికి ప్రాణం పోయింది. ఆరేళ్లు మందను కాచిన కుక్క అది. ఆయన ఆ సంగతి చెబుతూ నా ముఖం చూడలేదు. పొరపాటున ఇలా జరిగితే చేతులకు తొడుగులు వేసుకుని సబ్బునీళ్లతో కడిగి, మందు డబ్బాతో సహా పశువైద్యశాలకు పరుగెత్తండి. ఆర్గానోఫాస్ఫరస్ మందైతే అట్రోపిన్ ఇంజెక్షన్ ఉంది, వేళకు పడాలంతే.

ఇక అసలు పని నేల మీద. కుక్క ఒంటి మీద కనిపించే పురుగులు నూటికి ఐదే అనుకోండి. మిగిలినవన్నీ గుడ్లుగా, పిల్ల పురుగులుగా, గూళ్లుగా మంచాల కింద, గోనెసంచుల్లో, గోడ వారగా ఉంటాయి. ఒక్క ఆడ పురుగు రోజుకు 40 దాకా గుడ్లు పెడుతుంది. అందుకే పట్టీ కట్టిన వారానికీ పురుగు కనబడితే పట్టీని తిట్టకండి. కుక్క పడుకునే గోనెను వేడినీళ్లలో ఉడకబెట్టి ఎండేయండి. పిల్ల పురుగు మండుటెండకు బతకదు. మూలమూలలా ఊడ్చి, చెత్తను దిబ్బలో వేయక కాల్చేయండి. ఇలా కనీసం రెండు మూడు నెలలు చేయాలి.

కుక్క మేకల దొడ్డిలోనే పడుకుంటుంటే దొడ్డినీ ఊడ్చండి. ఫ్లీలు మేకపిల్లల రక్తం కూడా తాగుతాయి, ఎక్కువైతే పిల్లలు పాలిపోయి నీరసిస్తాయి. ఫ్లీని కొరికి మింగిన కుక్కకు బద్దెపురుగులు పడతాయి కాబట్టి, పట్టీ కట్టించిన రోజే నులిపురుగుల మందు కూడా అడిగి వేయించండి. మెడ కింద వెంట్రుకలు రాలినా, చర్మం ఎర్రబడినా పట్టీ వెంటనే తీసేయండి.