పాత స్టీరియో రిసీవర్: స్విచ్ వేసే ముందు

రేడియో, యాంప్లిఫయర్ ఒకే పెట్టెలో ఉండే 1970ల నాటి స్టీరియో రిసీవర్లకు ఇప్పటికీ అభిమానులున్నారు. 1978 నాటి పయనీర్ ఎస్‌ఎక్స్-1980 ఒక్కో చానెల్‌కు 270 వాట్లు ఇచ్చేది. మామూలు గదిలో పాట వినడానికి సగటున ఒకటి రెండు వాట్లు చాలు! కానీ తబలా దెబ్బ 10 డెసిబెల్స్ హెచ్చుగా పలకాలంటే పదింతల శక్తి కావాలి.

అయితే వాటి అసలు బలం వాట్లలో లేదు, మరమ్మతుకు లొంగడంలో ఉంది. చాలా భాగాలను విడిగా ఊడదీసి మార్చవచ్చు. ముందుగా పాడయ్యేవి ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు. లోపలి ద్రవం ఎండిపోతే స్పీకర్‌లో 100 హెర్ట్జ్ గుర్రు మొదలవుతుంది. తెలంగాణ నేత కుటుంబాలెన్నో స్థిరపడిన సూరత్ సముద్రానికి దగ్గర. అక్కడి తేమకు స్విచ్‌లు, వాల్యూమ్ కంట్రోళ్లు చిలుము పట్టి గరగరలాడతాయి. శుభ్రం చేస్తే చాలావరకు బాగవుతాయి.

ప్రమాదమల్లా తొందరతోనే. జపాన్ ఇళ్లలో 100 వోల్టులు, అమెరికాలో 120, మనకు 230. వెనుక వోల్టేజి అంకె చూడకుండా ప్లగ్ పెడితే ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోవచ్చు. అందుకే మెకానిక్ ముందు 100 వాట్ల ఫిలమెంట్ బల్బును సిరీస్‌లో పెడతాడు. అది ఒకసారి వెలిగి మసకబారితే మంచి సూచనే. నిండుగా వెలుగుతూనే ఉంటే లోపల షార్ట్ ఉన్నట్టే. ఈ పనికి ఎల్‌ఈడీ బల్బు పనికిరాదు.